బేరిగై చేరిన మాట

పుట్టమ్మ అంగడి లోపలికి రాలేదు. వీధిలోనే మెట్టు పక్కన నిలబడి, "ఈడ పాఠం చెప్పే టీచరమ్మ ఎవరు?" అని గట్టిగా అడిగింది.

కొత్త పుస్తకాల కట్ట విప్పుతున్న తేజస్విని లేచి వచ్చింది. "నేనేనండీ. లోపలికి రండి."

"లోపలికి ఎందుకు? బేరిగై నుంచి వచ్చినాను, దేవేంద్ర తల్లిని. మా కోడలు మంజు ఈడ ఒక కాగితం రాసిందంట కదా. అది ఇయ్యి."

"ఏ కాగితం?"

"లూపు ఏయించుకున్న కత రాసిన కాగితం." పుట్టమ్మ గొంతు తగ్గించలేదు. ఎదురుగా స్పేర్ పార్టుల దుకాణంలోని మగవాళ్లు ఇటు తిరిగారు. "ఐదేండ్లు నా కండ్లు కప్పింది. మనవడు కావాలని నేను ఎక్కని కొండ లేదు, మొక్కని దేవుడు లేడు. మీరంతా ఈడ కూచోని అది చదివించుకొని నవ్వినారంట."

"ఎవరూ నవ్వలేదమ్మా" అంది తేజస్విని. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది. కాగితం ఉందని తానే ఒప్పుకున్నట్టయింది.

పుట్టమ్మ ఆ మాట పట్టుకుంది. "అట్లయితే నిజమే కదా. నిన్న కృష్ణగిరి ఆస్పత్రికి పిల్చుకొని పోయి తీయించేసినాము. ఇంక మా కోడలు ఈ పక్కకి రాదు."

"మీకు ఎవరు చెప్పారు?"

"ఊరంతా చెప్పుకుంటా ఉంటే నాకు ప్రత్యేకంగా ఒకరు చెప్పాల్నా?" అని కొంగు దోపుకుని బస్టాండు వైపు నడిచింది. కాగితం కోసం మళ్లీ అడగలేదు.

అది 1999 ఆగస్టు. తమిళనాడు సరిహద్దులోని హోసూరులో బాగలూరు రోడ్డు మీద 'మనమాట' పుస్తకాల అంగడి తెరిచి అప్పటికి రెండేళ్లు. భర్త శ్రీనివాస్‌కు ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో అనంతపురం వదిలి వచ్చిన తేజస్విని, ఆడవాళ్లు రాసిన పుస్తకాలు తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ తెచ్చి పెట్టింది. కొనేవాళ్లు తక్కువ. కానీ ఆదివారం మధ్యాహ్నం చెప్పే తెలుగు పాఠాలకు మాత్రం పద్నాలుగు మంది వచ్చేవారు. అందరూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బడిలో నేర్చింది తమిళమో కన్నడమో. తమ మాట తాము రాసుకోలేరు. అక్షరాలు వచ్చాక నెలకొకసారి సభ పెట్టేవారు. ఎవరు రాసింది వాళ్లే చదవాలి. బోర్డు మీద తేజస్విని మొదటి రోజే ఒక నియమం రాసింది: ఇక్కడ విన్నది ఇక్కడే.

వీధిలో వాళ్లకు ఆ అంగడి మీద మొదటి నుంచీ అనుమానమే. కిటికీకి తెర ఎందుకు? మొగుళ్లను వదిలేయమని నేర్పిస్తున్నారా? మతంలో కలిపేస్తున్నారా? అందుకే సగం మంది ఇళ్లలో కుట్టుపని నేర్చుకుంటున్నామని చెప్పి వచ్చేవారు. మంజు కూడా అంతే. బేరిగైలో గులాబీ తోట ఉన్న ఇంటి కోడలు. ఇద్దరు ఆడపిల్లలు. జూన్ నెల సభలో లేచి నిలబడి, రెండో కాన్పు తర్వాత ఎవరికీ చెప్పకుండా, మళ్లీ కడుపు రాకుండా లూపు వేయించుకున్నానని, అత్త మనవడి కోసం కొండలెక్కుతుంటే ఆమె ఇచ్చిన కషాయం ప్రతి శుక్రవారం తాగుతూనే ఉన్నానని చదివింది. అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడానికి చాలాసేపు పట్టింది. ఆఖరున, "నాకు భయమైంది. ఇంకొక కాన్పుకి నా ఒళ్లు ఒప్పదు. ఇది ఎవరికీ చెప్పలేదు, మీకు చెప్పినాను" అని కూర్చుంది.

ఆ మాట ఇప్పుడు బేరిగైలో ఉంది.

పుట్టమ్మ వెళ్లాక తేజస్విని బీరువా తెరిచి చూసింది. కాగితం పెట్టిన చోటే ఉంది. అయితే చదివి కాదు, విని చెప్పారు. ఆ రోజు గదిలో ఉన్నవాళ్లను వరసగా గుర్తు చేసుకుంది. మనసు ఒక్కరి దగ్గరే ఆగింది. మునెమ్మ.

కెలమంగలం నుంచి వచ్చేది మునెమ్మ. నలభై ఐదేళ్లుంటాయి. పట్టుపురుగులు పెంచుతుంది. ఎప్పుడూ తలుపు దగ్గరే కూర్చునేది. అక్షరాలన్నీ వచ్చినా ఒక్క వాక్యం రాసింది లేదు. కొత్తగా ఎవరొచ్చినా, "మీది ఏ ఊరమ్మా? ఎవరింటోళ్లు? మీ అత్తగారిది యాడ?" అని ఆరా తీసేది. మంజు చదివిన రోజు ఆమెనే చూస్తూ కూర్చుంది. తర్వాత రెండు ఆదివారాలు రాలేదు.

తన అనుమానం తేజస్విని మారియమ్మతో చెప్పింది. మారియమ్మ అదే వీధిలో టైలరు, క్లాసులో అందరికంటే పాత మనిషి.

"నేనూ అదే అనుకున్నానమ్మా" అంది మారియమ్మ గొంతు తగ్గించి. "పోయిన నెల బస్టాండులో చూసినాను. బేరిగై బస్సు దగ్గర ఎవరో ముసలామెతో మాట్లాడతా ఉండింది. నన్ను చూసి మొగం తిప్పుకునింది."

ఇంక చాలు అనిపించింది తేజస్వినికి.

ఆ ఆదివారం తొమ్మిది మందే వచ్చారు. మంజు సంగతి అందరికీ తెలిసిపోయింది. ఎవరూ నోట్‌బుక్కు తెరవలేదు. తెరిచిన ఒక్కామె కూడా పక్కవాళ్లకు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది. పొడుగు బెంచీ మీద ఒకరికొకరు తగలకుండా జరిగి కూర్చున్నారు. మునెమ్మ వచ్చి మామూలుగా తలుపు దగ్గర కూర్చోబోతే, తేజస్విని ఆమెను మెట్ల మీదికి పిలిచింది. లోపలివాళ్లకు వినబడుతుందని తెలిసే పిలిచింది.

"మునెమ్మగారూ, మీరు బేరిగై ఆమెతో ఏం మాట్లాడారు?"

"ఏ బేరిగై ఆమె?"

"బస్టాండులో."

"బస్సు ఎప్పుడు వస్తాదని అడిగింది ఒకామె. చెప్పినాను. అంతే."

"మరి అందరి ఊళ్లూ, ఇళ్లూ మీకెందుకు? ఇన్నాళ్లూ మీరు ఒక్క ముక్క రాయలేదు. ఊరికే వింటారు. విన్నది ఎక్కడికి పోతోంది?"

మునెమ్మ మొహంలో రంగు మారింది. లోపలికి చూసింది. ఎవరూ తలెత్తలేదు. "నేను చెప్పినానని అంటా ఉండావా?"

"మీరు ఇక రావద్దు."

ఆమె ఏడవలేదు, ఒట్టు వేయలేదు. సంచి భుజానికి తగిలించుకుని దిగి వెళ్లిపోయింది. తేజస్విని లోపలికి వచ్చి పాఠం మొదలుపెట్టింది. ముల్లు తీసేసినట్టుండాలి. కానీ గదిలో ఊపిరి ఆడనట్టే ఉంది. మారియమ్మ కూడా ఆ రోజు తను రాసింది చదవలేదు.

నాలుగు రోజుల తర్వాత కేశవప్ప వచ్చాడు. శ్రీనివాస్ పనిచేసే ఫ్యాక్టరీలోనే స్టోర్సులో ఉంటాడు. బేరిగై మనిషి. కూతురికి అక్షరాల పుస్తకం కావాలన్నాడు. తేజస్విని తీసి ఇచ్చింది. అతను పేజీలు తిప్పుతూ నవ్వాడు.

"మీ అంగడి కతలు బాగుంటాయమ్మా. శ్రీనివాస్ సార్ క్యాంటీన్లో చెప్పినాడు. అత్త కొండలు ఎక్కేదీ, కోడలు కషాయం తాగేదీ. మేమంతా నవ్వి నవ్వి సచ్చినాము."

తేజస్విని కౌంటరు అంచు పట్టుకుంది. "ఆయన చెప్పారా?"

"పేరు చెప్పలేదులే. గులాబీ తోట, బేరిగై, ఇద్దరు ఆడపిల్లలు అంటే మాకు తెలీదా? ఇంటికి పోయి మా ఆడోళ్లతో అన్నాను, మన దేవేంద్ర ఇల్లు మాదిరే ఉందే అని. వాళ్లు ఊరుకుంటారా!" అప్పుడు ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. "ఏమ్మా, తప్పు మాట అన్నానా?"

ఆమె పుస్తకానికి కాగితం చుట్టి ఇచ్చేసింది. జూన్ సభ మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ తాను శ్రీనివాస్‌తో అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎంత గర్వంగా చెప్పింది! మా క్లాసులో ఒకామె ఎంత ధైర్యంగా రాసిందో విను అంది. పేరు చెప్పకపోతే చాలనుకుంది. గులాబీ తోట సంగతి, కషాయం సంగతి వదలకుండా చెప్పింది. బోర్డు మీద నియమం రాసిన చెయ్యి తనదే. పద్నాలుగు మందిని అనుమానించింది కానీ, పదిహేనో మనిషిని, తనను, లెక్కలోకి తీసుకోలేదు.

సాయంత్రం శ్రీనివాస్‌ను అడిగితే అతను తెల్లబోయాడు. "పేరు చెప్పలేదు కదా తేజా. ఏదో సరదాగా..."

"నేనూ పేరు చెప్పలేదు" అంది ఆమె. అతన్ని తిడదామని నోరు తెరిచింది. కానీ తిట్లన్నీ ముందు తనకే తగిలాయి.

మర్నాడు కెలమంగలం బస్సెక్కింది. మునెమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆమె పురుగులకు మల్బరీ ఆకు వేస్తోంది. తేజస్విని గడప దాటబోతే, "ఆగు, లోపలికి రావద్దు. బయటోళ్లు వస్తే పురుగుకి రోగం తగులుతాది" అంది. ఆకంతా పరిచి, చేతులు కడుక్కుని బయటికి వచ్చింది.

తేజస్విని నిలబడే అంతా చెప్పింది. తానే చెప్పానని, తన భర్త నోటి నుంచి కేశవప్ప నోటికి పోయిందని. "మిమ్మల్ని అందరి ముందూ అవమానించాను. క్షమించండి."

మునెమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత, "నేను ఊర్లు ఎందుకు అడిగినానో తెలుసా? మా మొగుడు చనిపోయినాక, మా అత్తగారి ఊరోళ్లు నేను ఏం చేసినా తప్పు పడతారు. చదువు నేర్చుకుంటా ఉన్నానని తెలిస్తే ఎగతాళి చేస్తారు. ఆ ఊరోళ్లు ఎవరన్నా ఆడ ఉండారేమో అని అడిగినాను. పురుగు పొర విడిచే నాలుగో జ్వరంలో ఉంటే రెండు వారాలు రాలేదు. రాయలేదు ఎందుకంటే, రాస్తే ఉండిపోతాది. పేపరుని నేను నమ్మను. నువ్వు నన్ను నమ్మలేదు. సరిపోయింది" అంది.

"మీరు ఏ శిక్ష వేసినా..."

"నాకు చెప్పినావు సరే. మంజుకి చెప్పినావా?"

తేజస్విని తల దించుకుంది. కెలమంగలానికి రావడానికి ధైర్యం వచ్చింది కానీ, బేరిగైకి పోవడానికి రాలేదు.

"పద" అంది మునెమ్మ. పక్కింటామెకు ఆకు సంగతి చెప్పి, చీర మార్చుకుని వచ్చింది. హోసూరులో బస్సు మారి బేరిగైలో దిగేదాకా ఇద్దరూ పది మాటలు మాట్లాడుకోలేదు.

మంజు గులాబీ తోటలో పూలు కోస్తూ కనిపించింది. వీళ్లను చూసి ముందు ఇంటి వైపు చూసుకుంది. అత్త సంతకు పోయింది. తేజస్విని చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి ఒక్క వివరం కూడా దాచలేదు. మంజు పూలబుట్ట చంకన పెట్టుకుని, అంతా విన్నది.

"ఎవరు చెప్పినారో అని ఇన్ని దినాలు ఒక్కొక్క మొగమే తలచుకున్నానక్కా" అంది చివరికి. "మారియమ్మక్కను కూడా తిట్టుకున్నాను. నీ మొగం మాత్రం తలచుకోలేదు."

తేజస్వినికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మంజు వాటిని చూసీ చూడనట్టు మునెమ్మ వైపు తిరిగింది.

"అక్కా, తీసేసినారు. ఆయన నాతో మాట్లాడడం లేదు. ఎన్ని దినాలు ఉంటాడు అట్ల? నాకు మల్లా అది కావాల. బిడ్డ వద్దని కాదు, ఎప్పుడనేది నేను చెప్పాల. యాడికి పోవాల?"

"నేను తీసుకెళ్తాను. నాకు తెలిసిన డాక్టరమ్మ..." అంటూ తేజస్విని ముందుకొచ్చింది.

"నువ్వు వద్దక్కా" అంది మంజు. కోపంగా కాదు, బిందె బరువు చూసుకుని ఎత్తుకునే మనిషిలా చెప్పింది. "మునెమ్మక్క వస్తే చాలు."

"మంగళవారం మా ఊరికి రా" అంది మునెమ్మ. "కెలమంగలంలో నర్సమ్మ నాకు తెలుసు. పట్టుగూడు బేరానికి పోతా ఉన్నానని ఇంట్లో చెప్పు."

ఆ ఆదివారం తేజస్విని క్లాసులో నిలబడి జరిగింది చెప్పింది. ఐదుగురు అప్పటికప్పుడే లేచి వెళ్లిపోయారు. మారియమ్మ మాత్రం, "నేనూ నోరు జారినాను కదా, మునెమ్మ మింద" అని తల వంచుకుని కూర్చుంది. ఆ తర్వాత చాలా వారాలు ఎవరూ ఏమీ రాయలేదు. ఊరికే పుస్తకాలు చదివించుకున్నారు. తేజస్విని ఎవరినీ రాయమని అడగలేదు. ఇంట్లో కాఫీ దగ్గర శ్రీనివాస్ "ఈ వారం ఏమైంది?" అని అడిగితే, "బాగా జరిగింది" అని ఊరుకునేది.

మంజు మళ్లీ అంగడికి రాలేదు. మంగళవారం పని అయిందని మాత్రం తెలిసింది. అది కూడా మునెమ్మ చెప్పలేదు. దీపావళి పోయాక ఒక ఆదివారం వచ్చి తలుపు దగ్గర కూర్చున్నప్పుడు, తేజస్విని కళ్లతో అడిగితే, ఒక్కసారి తలాడించింది. అంతే. తర్వాత పక్కన కూర్చున్న కొత్తామెను, "మీది ఏ ఊరమ్మా?" అని అడిగింది.