పెర్సిస్ చేతిలో నిలవని వస్తువులు

కొబ్బరి పచ్చడి సగం నలిగేసరికి మిక్సీ ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. పెర్సిస్ స్విచ్చి ఆపి, వేసి, మళ్ళీ ఆపి, మూత తీసి, తీసిన మూత మళ్ళీ పెట్టి, ఇక లాభం లేదని తెలిశాక కూడా కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. ముందు గదిలో బూట్లు తుడుచుకుంటున్న ఆనంద్ పాల్ చప్పుడు ఆగిపోవడం విని లేచి వచ్చాడు. "నీ చేతిలో ఏ వస్తువూ నిలవదు పెర్సిస్," అన్నాడు. కోపంగా కాదు. ఆయనకు కోపం రాదు. జ్వరం వచ్చిన పిల్లతో అన్నట్టు జాలిగా అని, మిక్సీని రెండు చేతులా ఎత్తుకుని ఇంటి పక్కనున్న షెడ్డులోకి తీసుకుపోయాడు. మిగిలిన కొబ్బరి ఆమె రోట్లో వేసి రుబ్బింది. రోలు మాత్రం ఇంతవరకూ ఆమె చేతిలో పాడవలేదు, అదేం చిత్రమో.

ఆ షెడ్డు ఏలూరులో మామగారు ఈ ఇల్లు కట్టినప్పుడు కారు కోసం వేసింది. కారు ఎప్పుడూ రాలేదు. దాని చోట ఒక చెక్క బల్ల వచ్చింది, బల్లకు బిగించిన పట్టకారు వచ్చింది, గోడ నిండా మేకులూ మేకులకు స్పానర్లూ, బిస్కెట్ డబ్బాల్లో నట్లూ బోల్టులూ, వాటన్నిటి మీదా కిరసనాయిలు వాసన. ఆనంద్ పాల్ తాడేపల్లిగూడెంలో ఒక ఆఫీసులో గుమాస్తా. పొద్దున్న రైలుకి వెళ్ళి సాయంత్రం రైలుకి వస్తాడు గానీ ఆయన అసలు బతుకంతా ఈ షెడ్డులోనే. చర్చి మైకు సెట్టు, పాస్టరుగారి ఫ్యాను, వీధిలో వాళ్ళ ఇస్త్రీ పెట్టెలు అన్నీ ఇక్కడికే వస్తాయి, అన్నీ బాగై వెళతాయి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు పెర్సిస్ చెయ్యి పట్టుకుని, చేతిలో పనున్న మొగుడు దొరికాడు, ఎంత అదృష్టవంతురాలివో అనేవారు. ఆమె నవ్వేది. అత్తగారు పాపాయమ్మ పక్కనే ఉంటే, వీడి తండ్రీ అంతేనండి, ఇంట్లో ఏ వస్తువునీ ఊరుకోనిచ్చేవారు కాదు అనేది. ఆ మాట పొగడ్తో కాదో పెర్సిస్ ఎన్నడూ ఆలోచించలేదు.

ఎవరూ చూడని సంగతి ఏమిటంటే, ఆ షెడ్డులో పెర్సిస్ కూడా ఉంటుంది. వైరుకు కట్టిన బల్బు పట్టుకుని ఆయన భుజం వెనక నిలబడడం ఆమె పని. విప్పిన సామాను కిరసనాయిల్లో కడిగి, తుడిచి, విప్పిన వరసలోనే పాత పేపరు మీద పేర్చడం ఆమె పని. ఆయన కళ్ళెత్తకుండా చెయ్యి చాపి ఏ నంబరు స్పానరు అడిగితే ఆ నంబరు ఆ చేతిలో పెట్టాలి. పొయ్యి మీద అన్నం గుర్తొచ్చి బల్బు కాస్త పక్కకు జరిగితే, లైటు పట్టుకోవడం కూడా రాదా అనేవాడు. అదీ మెత్తగానే. చదివే పుస్తకం, వాడిపోయే కరివేపాకు, దిద్దాల్సిన బడిపిల్లల నోటుబుక్కులు అన్నీ పక్కన పడేసి వచ్చి నిలబడినందుకు ఆమెకు మిగిలేది చేతులకు కిరసనాయిలు కంపు. బాగు చేసిన మనిషి మాత్రం ఆయన. ఆమె పాడు చేసే మనిషి. ఇస్త్రీ పెట్టె పాడు చేసింది, టేబుల్ ఫ్యాను పాడు చేసింది, గ్యాసు పొయ్యి మీట పాడు చేసింది. ఇన్నేళ్ళు విని విని తన చేతులంటే ఆమెకే నమ్మకం పోయింది. టీచరయ్యాక బడిలో కొత్త సుద్దముక్క పట్టుకోవాలన్నా విరిగిపోతుందేమోనని భయపడేది. నవ్వొచ్చే మాటే గానీ ఆమె నవ్వలేకపోయేది.

ఆనంద్ పాల్ కు ఒక పద్ధతుంది. ఏదైనా బాగుచేసి స్క్రూ బిగించాక, స్క్రూ తల మీద నుంచి పక్కనున్న రేకు మీదకు ఎర్రగా ఒక సన్న గీత గీస్తాడు. ఇంకెవరైనా చెయ్యి పెట్టి తిప్పారా, గీత రెండు ముక్కలై కలవకుండా పోతుంది. తను బాగుచేసిన వస్తువును ఇంకో మెకానిక్ కెలికితే పట్టేయాలని ఆ ఏర్పాటు. ఆ ఎర్ర రంగు పెర్సిస్ గోళ్ళ రంగే. పెళ్ళయిన కొత్తలో చెల్లెలు ఇస్తే, టీచర్ ట్రైనింగు చదివినదానికి గోళ్ళకు రంగులెందుకని ఆయన సీసా తీసుకున్నాడు. అది అయిపోతే అదే రంగులో ఇంకోటి ఆమే కొనుక్కొచ్చి ఇచ్చింది. అంత మంచిది మన పెర్సిస్.

తర్వాత ఆమెకు ఉద్యోగం వచ్చింది. గవర్నమెంటు బడి, కొల్లేటి వైపు లంక ఊళ్ళో. బస్సు సగం దారి వరకే పోతుంది కాబట్టి మోపెడ్ కొంది. కొన్నాళ్ళకు చర్చిలో కొత్తగా వచ్చినవాళ్ళెవరో ఆనంద్ పాల్ ను చూపించి ఆయనెవరంటే, పెర్సిస్ టీచరుగారి భర్తండీ అని చెప్పారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, అందరికన్నా ఎక్కువసేపు. మోపెడ్ మొరాయించడం మొదలైంది ఆ రోజుల్లోనే.

మొదట్లో ఆమె తననే అనుమానించుకుంది. కిక్కు గట్టిగా కొడుతున్నానేమో, పెట్రోలు తక్కువ పోస్తున్నానేమో. చెయ్యి అలాంటిది మరి. కానీ టీచరు గదా, లెక్క కుదరకపోతే ఊరుకోలేదు. అత్తగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజున బండి ఒక్కసారీ ఆగలేదు. రైతు బజారుకు ఆగలేదు. ఆయన్ను స్టేషన్ దగ్గర దింపిన రోజున ఆగలేదు. బడికి వెళ్ళే రోజునే, అందులోనూ ఆయన ముందుగా లేచి, "నీ బండికి గాలి చూశాను, వెళ్ళొస్తా," అని ప్రేమగా చెప్పి రైలుకు వెళ్ళిన రోజునే అది నోరు మూసుకునేది. ఈ సంగతి తట్టినప్పుడు ఆమెకు ముందు సిగ్గేసింది. దేవుడిచ్చిన భర్త మీద ఇలాంటి ఊహేమిటని మోకాళ్ళూని ప్రార్థన కూడా చేసుకుంది. మర్నాడు మాటల్లో కదిపి చూస్తే ఆయన, అనుమానం పెనుభూతం పెర్సిస్ అని తల నిమిరాడు. ఆ నిమిరిన చెయ్యి కూడా ఆమెకు అనుమానంగానే తోచింది. నిద్రపోతున్న ఆయన మొహం, సరుకుల సంచీ అందుకునే తీరు, కూర బాగుందని అనడం, ఏదీ మునుపటిలా కనపడడం మానేసింది. భర్తను దొంగచాటుగా గమనించే ఆడదానికి ఇంట్లో సొంత పీట కూడా పరాయిదే.

ఇంతలో ఈ కష్టం బడి మీదకు వచ్చింది. రెండో టీచరు వెంకటలక్ష్మి పురిటి సెలవు మీద వెళ్ళింది. పెర్సిస్ రాకపోతే తాళం తీసే దిక్కు లేదు. తాళం తీయకపోతే మధ్యాహ్నం అన్నం వండరు. కొల్లేట్లో గవర్నమెంటు చేపల చెరువుల గట్లు కొట్టేశాక ఆ ఊరి మగవాళ్ళు ఉండి ఊరి వైపు చెరువుల మీద పనులకు పోతున్నారు, చాలామంది పిల్లలకు ఆ బడి అన్నమే కడుపు నిండా తినే అన్నం. ఊరి పెద్ద సత్తిరాజు ఒకరోజు గుమ్మం బయటే నిలబడి, "టీచరుగారండీ, మీరు మంచోరే. కానీ మీరు రాని రోజున పిల్లలు కంచాలట్టుకుని వచ్చి ఎల్లిపోతన్నారండి," అన్నాడు. మండల విద్యాధికారి అంత మెత్తగా చెప్పలేదు. ఇంకొక్కసారి బడి మూతపడితే సస్పెన్షనుకు రాసేస్తానన్నాడు. ఇంటికొచ్చి చెబితే ఆనంద్ పాల్ ఓపికగా విని, ఎందుకొచ్చిన బాధ, దీర్ఘసెలవు పెట్టెయ్యి, నీకూ వస్తువులకూ పడదు కదా అన్నాడు. ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని మోపెడ్ కార్బొరేటర్ విప్పి, కడిగించి, బిగించి, ఆమె బల్బు పట్టుకుని చూస్తుండగానే పక్క స్క్రూ మీద ఎర్ర గీత గీశాడు. సోమవారం బండి బంగారంలా వెళ్ళి వచ్చింది.

మంగళవారం పొద్దున్న మిక్సీ ఆగింది, రోట్లో పచ్చడి అయింది, ఆయన గాలి చూశానని చెప్పి రైలుకు వెళ్ళిపోయాడు. పెర్సిస్ షెడ్డులోకి వచ్చి కిక్కు కొట్టింది. బండి పలకలేదు. ఇంకోసారి కొట్టింది. చీర చెంగు దోపుకుని చెమటలు పట్టేదాకా కొట్టింది. కంచాలు పట్టుకున్న పిల్లలు కళ్ళ ముందు మెదిలారు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వంగి చూసింది. ఎక్కడ చూడాలో ఆమెకు తెలుసు, ఇన్నేళ్ళు అక్కడే గదా వెలుతురు పట్టింది. కార్బొరేటర్ పక్క స్క్రూ మీద గీత ఒకచోట, రేకు మీద గీత ఇంకోచోట ఉన్నాయి.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని హిందువుల ఇళ్ళలో అంటారు గానీ ఆ సామెత క్రైస్తవుల ఇళ్ళలోనూ పనికొస్తుంది. గీత చెరిపెయ్యాలని ఆయనకు తోచలేదు, ఎందుకంటే దాన్ని పెర్సిస్ చూస్తుందని తోచలేదు. లైటు పట్టుకునే మనిషి ఆ వెలుతురు పడినచోటు చూస్తుందని ఎవరనుకుంటారు? ఆమె గోడ మీది చిన్న స్క్రూడ్రైవరు తీసింది. స్క్రూ తల గాట్లో పెట్టి తిప్పింది. గీతలు కలిశాయి, కిక్కు కొడితే బండి దగ్గి ఊరుకుంది. ఇంకో చుట్టు తిప్పి మళ్ళీ గీతలు కలిపింది. ఈసారి బండి అందుకుంది. ఆ చప్పుడు షెడ్డంతా నిండిపోయింది. పెర్సిస్ కు సంతోషం కన్నా ముందు ఒళ్ళు మండింది. ఇస్త్రీ పెట్టె, ఫ్యాను, పొయ్యి, మిక్సీ, వీటిలో ఎన్ని తను పాడు చేసింది? ఎన్ని చెయ్యలేదు? అది ఇక ఎప్పటికీ తేలదు. ఇన్నేళ్ళ తన తప్పులన్నిటినీ ఎవరో ఒక్కసారిగా లాగేసుకున్నట్టయింది. ఆమె ఆలస్యంగానైనా వెళ్ళి బడి తాళం తీసింది. ఆ రోజు పిల్లలకు పప్పూ అన్నం వండారు.

అప్పటికీ పెర్సిస్ కు మనసు ఒప్పుకోలేదు. వీధిలో పిల్లలెవరైనా తిప్పారేమో, గీత తనే సరిగా చూడలేదేమో. భర్తను దోషిగా చూడడం కన్నా తనను పిచ్చిదానిగా చూసుకోవడం ఆమెకు అలవాటైన దారి. సాయంత్రం ఆయన రైలు దిగి వచ్చేసరికి మోపెడ్ వాకిట్లో, కొల్లేటి బురద ఎండిన చక్రాలతో నిలబడి ఉంది. ఆనంద్ పాల్ గేటు దగ్గరే ఆగిపోయాడు.

"బండి ఎలా స్టార్టయింది?" అన్నాడు.

పొద్దున్న అది స్టార్టవలేదని ఆయనకు చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం వినడమే గానీ కళ్ళారా చూడడం పెర్సిస్ కు అదే మొదలు. ఆ మాట నోరు జారిందని ఆయనకూ తెలిసింది. వెంటనే అదీ ఇదీ చెప్పుకొచ్చాడు. ఆ దారి మంచిది కాదన్నాడు, లారీలు తిరుగుతాయన్నాడు, నీకేమైనా అయితే నేనేమైపోవాలన్నాడు, నీ మంచికోసమేనన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు. అందుకే ఆమెకు భయమేసింది. నిజంగా ప్రేమిస్తూనే ఇంత పని చెయ్యగలడన్నమాట.

"దారికి భయపడితే దారి గురించి చెప్పాలండి," అంది పెర్సిస్. "నా చెయ్యి మంచిది కాదని చెప్పారు. నేను నమ్మాను. ఇకనుంచి నా బండి మీద మీరు చెయ్యి వెయ్యకండి. షెడ్డు తాళం నా దగ్గరుంటుంది."

ఆనంద్ పాల్ నవ్వబోయాడు. అమ్మా, విన్నావా దీని మాటలు అని లోపలికి కేకేశాడు. పాపాయమ్మ తలుపు పక్కనే ఉంది. మొదటినుంచీ అక్కడే నిలబడి ఉన్నట్టుంది. కొడుకును ఏనాడూ పల్లెత్తు మాట అనని మనిషి, ఇప్పుడు ఇద్దరూ కలిసి ఏమంటారో అనుకుంది పెర్సిస్. ముసలావిడ మెట్లు ఒక్కొక్కటే దిగి, కొడుకును దాటుకుని, షెడ్డులోకి వెళ్ళింది. పెర్సిస్ వెనకాలే వెళ్ళింది. పాపాయమ్మ మూల నుంచి పాత టైరూ, సైకిలు చట్రం, పెయింటు డబ్బాలూ ఒక్కొక్కటే పక్కకు జరిపింది. వాటి వెనక దుమ్ము పట్టిన గోనెపట్టా లాగింది. కింద కుట్టు మిషను ఉంది.

"ఈడు కడుపులో ఉన్నప్పుడు మీ మావయ్యగారు బాగు చేత్తానని తీసుకొచ్చి ఇక్కడెట్టారు," అంది. "నా చేతికి మిషను పడదన్నారు. మీరు బాగా చూడండమ్మా టీచరుగారూ. దీనికి అసలేవైంది?"