కనుబొమల జవాబు

ఆ ఉదయం లియోనిలా మగ్‌బానువా మోకాళ్ళు ఎంత గట్టిగా కొట్టుకున్నాయంటే, కోర్టు మెట్ల మీద నిద్రపోతున్న కుక్క లేచి అటూ ఇటూ చూసింది. నమ్మకపోతే మీ ఇష్టం.

ఇరవై ఏడేళ్ళు మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. నలభై ఎనిమిదో ఏట శని, ఆదివారాలు పడవెక్కి పట్నం పోయి లా చదివింది. బార్ పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కింది. యాభై ఆరేళ్ళ వయసులో ఇది ఆమె మొదటి కేసు. "నీ బెత్తం ఇంట్లో పెట్టి పోవే, జడ్జి గారికి చూపించగలవు" అని పొద్దున మొగుడు ఆట పట్టించాడు. ఆమెకు నవ్వు రాలేదు. బడిలో తప్పు చెబితే మర్నాడు దిద్దుకోవచ్చు. ఇక్కడ తప్పు చేస్తే సెవెరినో జైలుకు పోతాడు.

సెవెరినో చేపలు పట్టి బతికేవాడు. కౌన్సిలర్ డెల్మార్ పందెం కోడిని ఎత్తుకుపోయాడని అతని మీద కేసు. వెనక బెంచీలో అతని భార్య తెర్సింగ్ చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని కూర్చుంది.

"మేడమ్, మా ఆయన్ని ఇంటికి తెస్తారు కదా?"

"మేడమ్ ఏంటే, అటార్నీ అనాలి" అని పక్కనున్న ముసలమ్మ గద్దించింది.

"నా చేత ఎక్కాలు వల్లె వేయించింది ఈవిడే. నాకు మేడమే!"

ఆ నమ్మకం చూసి లియోనిలా కాగితాలు మరోసారి తిరగేసింది.

దొంగతనం కళ్ళారా చూశానన్నవాడు ఒక్కడే, రోడెల్. డెల్మార్ ధాన్యం మిల్లులో కూలి. వాడూ ఒకప్పుడు ఆమె తరగతిలో వాడే. సెవెరినో, కోడిని చంకలో పెట్టుకుని డెల్మార్ దొడ్లోంచి పోతుంటే చూశానని ప్రాసిక్యూటర్‌కు గడగడా అప్పజెప్పాడు. ఇక ఆమె వంతు.

"తోతో..." అంది అలవాటుగా, చిన్నపిల్లాణ్ణి పిలిచినట్టు. హాల్లో కిసుక్కుమన్నారు. "అదే, రోడెల్. నువ్వు చూసేసరికి తెల్లారిందా?"

"ఇంకా లేదు మేడమ్."

"దొడ్లో దీపం ఉందా?"

"లేదు మేడమ్."

"అంటే నీకు మొహం కనపడలేదు. ఎవడిదో వీపు చూశావు, అంతేనా?"

రోడెల్ నోరు తెరవలేదు. కనుబొమలు రెండూ పైకి లేపి దించాడు.

మా దీవిలో అవునని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి? మా ఊళ్ళో ఒకడు పెళ్ళిలో పాదిరీ గారికి కనుబొమలతోనే ఒప్పుకున్నాడు. ఆ పెళ్ళికి పద్నాలుగు మంది పిల్లలు. లియోనిలా కూడా బళ్ళో ఇరవై ఏడేళ్ళు అలాంటి జవాబులకు మార్కులు వేసింది. "ఇక ప్రశ్నలు లేవు యువర్ ఆనర్" అని కూర్చుంది. ప్రాణం లేచి వచ్చింది.

అప్పుడు చూసింది స్టెనో వైపు. ఆవిడ వేళ్ళు మీటల మీద కదలకుండా ఉన్నాయి. ప్రాసిక్యూటర్ కాగితాల చాటున నవ్వుకుంటున్నాడు.

కనుబొమలను ఏ స్టెనో టైపు చేస్తుంది?

"సాక్షి దిగవచ్చు" అన్నాడు జడ్జి.

"యువర్ ఆనర్! ఆ ప్రశ్న ఇంకొక్కసారి..."

ప్రాసిక్యూటర్ ఎగిరి లేచాడు. "అభ్యంతరం! అడిగేశారు, జవాబూ వచ్చేసింది!"

"వచ్చిందంటున్నారుగా. అయితే చదివించండి" అంది. ఆ గొంతు తనదో కాదో ఆమెకే తెలియలేదు.

స్టెనో కళ్ళజోడు సర్దుకుని, "ప్రశ్న ఉంది యువర్ ఆనర్. జవాబు లేదు" అంది.

జడ్జి నుదురు రుద్దుకున్నాడు. "ఒక్కసారి అడగండి అటార్నీ. నోటితో ఏం చెబితే అదే రికార్డు. ఆ తర్వాత ఏడ్చి మొత్తుకున్నా లాభం లేదు."

ఈ గొడవలో డెల్మార్ వెనక నుంచి లేచి వచ్చి ముందు బెంచీలో, సాక్షికి ఎదురుగా కూర్చున్నాడు. మీసం దువ్వుకుంటూ రోడెల్‌ని చూస్తున్నాడు. రోడెల్ చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది. ఇందాక వాడికి ఆలోచించే వ్యవధి లేదు. ఇప్పుడుంది. మొహం చూశానంటే చాలు, వాడి కూలికి ఢోకా లేదు. సెవెరినో ఏళ్ళ తరబడి ఊచలు లెక్కపెడతాడు. అడక్కపోతే ఎలాగూ జైలే. అడిగాక వాడు అబద్ధమాడితే, లియోనిలా తన చేతులతోనే జైలు తలుపు వేసినట్టవుతుంది.

లియోనిలా బల్ల అంచు పట్టుకుంది.

"రోడెల్, నువ్వు మొహం చూశావా?"

మళ్ళీ ఆ మొహం చదివి మోసపోతానేమోనని కళ్ళు గట్టిగా మూసుకుంది. పైన ఫ్యాను కిర్రుమంటోంది. చంటిది ఏడుపు ఎత్తుకుంది. ఎవరో దగ్గారు, డెల్మారే అయ్యుంటాడు. బార్ పరీక్ష ఫలితాల కోసం ఆర్నెల్లు కాచుకున్నప్పుడు కూడా ఇంత సేపు పట్టలేదు.

"లేదు మేడమ్" అంది ఓ సన్నని గొంతు. "ఎవడిదో వీపు. చీకటి. సెవెరినో అని చెప్పమన్నారు."

హాలంతా గోలగోలైంది. ప్రాసిక్యూటర్ ఏదో అరుస్తున్నాడు. లియోనిలా మాత్రం కళ్ళు తెరవలేదు. స్టెనో మీటలు టకటకమంటూ ఉన్నాయి. ఆ చప్పుడు పూర్తిగా ఆగిపోయాక, ఇంకో రెండు ఊపిరులు ఆగి, అప్పుడు తెరిచింది.