రెండడుగుల లోతు

పోనీ పన్నెండంగుళాలదే తీసుకుంటే, రేపు అది పనికిరాకపోయినా అందరూ తీసుకునేదే నేనూ తీసుకున్నానని చెప్పుకోవచ్చు, తొమ్మిదంగుళాలది తీసుకుని అది పనికిరాకపోతే మాత్రం ఆ తప్పు పూర్తిగా నాది, దాన్ని మోపడానికి ఇంకొకరి భుజం దొరకదు, అయినా తప్పు జరుగుతుందని ముందే ఎందుకు అనుకోవాలి అని తనను తాను అడుగుతూ రామాంజులు ఆ రెండు ఇనుప బిట్ల ముందు నిలబడి అరగంట అయింది.

గుత్తిలో వ్యవసాయ పనిముట్లు అమ్మే దుకాణం అది. బిట్లు రెండూ గోడకు ఆనించి ఉన్నాయి. వడ్రంగి బరమా మనిషి ఛాతీ ఎత్తు పెరిగితే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. గుంతలు తీసే మిషన్‌ను ట్రాక్టర్ వెనక తగిలించి, దాని కింద వీటిలో ఒకదాన్ని బిగించాలి. ఇంజను తిప్పుతుంటే అది తిరుగుతూ నేలలోకి దిగుతుంది. మిషన్ ఏదైనా ఒకటే. బిట్టు దగ్గరే చిక్కు. ఒకటి వెడల్పుగా ఉంది, పండ్లు చదునుగా ఉన్నాయి, పచ్చ రంగు కొత్తగా మెరుస్తోంది. రెండోది సన్నం, కానీ బరువు. దాని కొసన పొట్టి మేకుల్లాంటి పండ్లున్నాయి. దుకాణంలో వాటిని రాతి పండ్లంటున్నారు.

నాలుగు రోజుల కింద వాన పడింది. మర్నాడే వేరుశనగ విత్తాడు. ఇంకో వారంలో మొలక పైకి వస్తుంది, మొలక వెంటే జింకలు వస్తాయి. కిందటేడు నలభై జింకల మంద రెండు తెల్లవారుజాముల్లో నాలుగెకరాల లేత ఆకును మేసిపోయింది. మూడోరోజు పొలానికి వెళ్తే సాళ్ళు మాత్రం ఉన్నాయి, గీతలు గీసిన ఖాళీ కాగితంలా. ఈసారి కంచె వేస్తున్నాడు. తీగ కట్టడానికి నూట డెబ్బై రాతి కూసాలు పొలం గట్టున పడి ఉన్నాయి. అవి నిలబడాలంటే ఒక్కోదానికి రెండడుగుల గుంత కావాలి. చేత్తో తవ్వితే నెల పడుతుంది. పక్క పొలం కుళ్ళాయప్ప కూడా నూరు కూసాలు దించుకుని, ఇతని ట్రాక్టర్ ఎప్పుడొస్తుందా అని కూర్చున్నాడు.

కూర్చోలేకే ఇవాళ ఇతన్ని తన మోటార్ సైకిల్ మీద ఎక్కించుకుని తీసుకొచ్చాడు.

"ఏమి బావా, పెండ్లిచూపులకు వచ్చినట్ల నిలబడినావు?" అన్నాడు కుళ్ళాయప్ప వెనక నుంచి. "లావు పిల్ల నచ్చిందా, సన్న పిల్ల నచ్చిందా?"

"నువ్వు చెప్పు."

"నేను పొద్దున్నే చెప్పినా కదప్పా. పెద్దది తీసుకో. రేపు చీనీ చెట్లు పెట్టల్లన్నా అదే పనికొస్తాది. పెద్ద గుంతలో చిన్న కూసం నిలబడ్తాది. చిన్న గుంతలో పెద్ద చెట్టు నిలబడదు."

కుళ్ళాయప్ప మాటలు ఎప్పుడూ ఇలా గుండ్రంగా ఉంటాయి. పట్టుకుని తిరగేయడానికి అంచు దొరకదు. నాలుగో బోరు వేసినప్పుడు కూడా ఇంత గుండ్రంగానే చెప్పాడు.

దుకాణం యజమాని విజయభాస్కర్ చెవి మీది పెన్ను తీసి చేత్తో పట్టుకున్నాడు. "అన్నా, నేను పొద్దున్నించి ఒగటే అడుగుతాండా. మీ నేల ఎట్లాంటిది?"

"ఎర్ర నేల."

"పైన ఎర్రదే లే అన్నా. కింద?"

రామాంజులు ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. ఇది అతనికి తెలిసిన ప్రశ్న. "తొంభై అడుగుల కాడ తెల్ల పొడి వస్తాది. మూడు నూర్ల నలభై కాడ ఎర్ర జీర. ఆర్నూర్ల ఇరవై కాడ నీలం పొడి, పౌడర్ మాదిరి, చేత్తో పట్టుకుంటే నిలబడదు. ఏడు బోర్లేసినా. నాలుగిట్లో అదే."

విజయభాస్కర్ కాసేపు అతన్నే చూశాడు. "అన్నా," అన్నాడు మెల్లగా, "నాకు రెండడుగులు చెప్తే చాలు."

రామాంజులు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

కుళ్ళాయప్ప పగలబడి నవ్వాడు. "పాతాళం అడుగు, చెప్తాడు. కాళ్ళ కింద ఏముండాదో మాత్రం మా బావను అడగొద్దు!"

రామాంజులుకు నవ్వు రాలేదు. ఇరవయ్యేళ్ళ వయసు నుంచి ఆ నేలను దున్నుతున్నాడు. దుక్కి ఎనిమిదంగుళాలు దిగుతుంది. బోరు బండి మొదటి పది అడుగులు రెప్పపాటులో దాటేస్తుంది, అప్పుడు ఎవరూ చూడరు, ఇంకా నీళ్ళ టైము రాలేదు కదా అని బీడీలు కాల్చుకుంటూ ఉంటారు. ఎనిమిదంగుళాల కింద, రెండడుగుల పైన, తన పొలం ఎలా ఉంటుందో తను ఎన్నడూ చూడలేదు.

"ట్రాక్టర్ దీన్ని కిందికి నొక్కదన్నా, తిప్పుతాది, అంతే," అంటున్నాడు విజయభాస్కర్. "దిగేది దాని బరువుతో, దాని పండ్లతో. రెండడుగుల దాకా మెత్తగా ఉంటే ఆయన చెప్పిందే నిజం, పెద్దది తీసుకోండి. గులకలు పట్టిన గట్టి గరుసు తగిలితే మాత్రం పెద్దది ఒగే కాడ గిర్రున తిరుగుతాది. గుంతను నున్నగా చేస్తాది గానీ దిగదు. అప్పుడు సన్నదే. పరుపు బండ ఉంటే రెండూ వద్దు. నాది అమ్ముడుపోకున్నా పర్వాలేదు." పెన్ను మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. "ఉండేది ఈ రెండే. రేపు పొద్దున్నే పామిడి నుంచి ఒగాయన వస్తాడు, ఏది నచ్చితే అది ఎత్తుకొని పోతాడు. మళ్ళా లోడు వచ్చేది పది దినాలకు. సాయంత్రం ఆరు లోపల ఫోన్ చేయన్నా. మీది పక్కన పెడ్తా."

పది రోజులంటే మొలక వచ్చి, జింకలు వచ్చి, వెళ్ళిపోయే కాలం.

తిరుగు దారిలో కుళ్ళాయప్ప ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. గాలికి సగం మాటలు వెనక్కి రాలేదు. రామాంజులు అతని వీపు మీది చెమట మరకను చూస్తూ కూర్చున్నాడు.

మొదటి బోరుకు నీళ్ళుండే చోటు చూపడానికి టెంకాయ పట్టుకునే ఆయన వచ్చాడు. అరచేతిలో పడుకున్న టెంకాయ ఒకచోట లేచి నిలబడింది. రెండోదానికి పంగల పుల్ల పట్టుకునే ముసలాయన. మూడోదానికి అనంతపురం నుంచి వైర్ల పెట్టెతో ఒక సారు. నాలుగోది కుళ్ళాయప్ప మాట. తర్వాత బావమరిది, మళ్ళీ టెంకాయ, మళ్ళీ పెట్టె. ప్రతిసారీ తను పది అడుగుల దూరంలో సున్నం పొట్లం పట్టుకుని నిలబడేవాడు. "ఈడేనా?" అని వాళ్ళడిగితే "మీరెట్లంటే అట్ల" అనేవాడు. ఏడింటిలో ఒక్కదానికీ తను చోటు చూపలేదు. అయినా ఊళ్ళో అందరూ పిలిచేది బోర్ల రామాంజులు అనే.

అది తన వినయం అనుకున్నాడు ఇన్నాళ్ళూ. తెలిసినవాళ్ళను అడగడంలో తప్పేముంది?

కానీ ఐదో బోరు రోజు గుర్తుకొచ్చింది. ఆ రోజును తలుచుకోవడం అతనికి ఇష్టం ఉండదు. ఆరు వందల యాభై దాకా దుమ్మే లేచింది. బండివాళ్ళు ఇంజను ఆపేశారు. ఒక్కసారిగా నిశ్శబ్దం. భార్య ఆంజినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల మీద కూలబడింది. అప్పుడు తన లోపల మొదట వచ్చినది దుఃఖం కాదు. దుఃఖం తర్వాత వచ్చింది. మొదట వచ్చినది చిన్న చల్లదనం. నేను చూపిన చోటు కాదు కదా, అని. ఎండలో నడిచి నడిచి ఎవరిదో నీడలోకి అడుగు పెట్టినట్టు. ఆ క్షణంలో ఆంజినమ్మ తలెత్తి అతని ముఖం చూసింది. ఏం చూసిందో ఇన్నేళ్ళలో చెప్పలేదు. చూసిందని మాత్రం అతనికి తెలుసు.

పొలం దగ్గర దిగేసరికి నాలుగు దాటింది. "ఆరు లోపల, బావా. నా కూసాలు గూడా నీ నోట్లోనే ఉండాయి," అని కుళ్ళాయప్ప వెళ్ళిపోయాడు.

ఆంజినమ్మ గడ్డపారతో ఒక కూసాన్ని ఎత్తి పక్కకు జరుపుతోంది.

"తెచ్చినావా?"

"లేదు."

"ఎందుకు?"

"కింద ఏముండాదో చెప్పమన్నాడు."

"ఎవుర్ని అడుగుదామని ఇప్పుడు? టెంకాయాయనకు కబురు పంపిద్దునా?"

ఆమె గడ్డపారను నేలకు ఆనించి నిలబడింది.

"కుళ్ళాయప్పన్న ఏమంటాడు?"

"పెద్దది తీసుకోమంటాడు."

"అంగడాయన?"

"నేలను బట్టి అంటాడు."

"నువ్వేమంటావు?"

అతను కూసాల కుప్ప వైపు చూశాడు.

"ఇరవై ఆరేండ్లాయ," అంది ఆంజినమ్మ. గొంతులో కోపం లేదు, అదే అతనికి కష్టంగా తోచింది. "నువ్వేమంటావో ఒగసారన్నా వినల్లని నాకు. తప్పు చెప్పు, పర్వాలేదు. జింకలు తినిపోతే పోనీ. నువ్వు చెప్పిన తప్పని ఒగటుంటే దాన్ని తిట్టుకోనన్నా తిట్టుకుంటా. ఇప్పుడు ఎవుర్ని తిట్టల్ల?"

రామాంజులు చెయ్యి చాపాడు. ఆమె గడ్డపార ఇచ్చింది.

"యాడ తవ్వల్ల?" అన్నాడు అలవాటుగా. అన్నాక గానీ తనేమన్నాడో అతనికే వినపడలేదు. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

కంచె వచ్చే గీత పొడవునా ఎక్కడైనా తవ్వవచ్చు. ఏ చోటైనా ఒకటే. ఆ సంగతి తెలుస్తున్నకొద్దీ అతని కాళ్ళు ఇంకా బిగుసుకుపోయాయి. మంచి చోటు, చెడ్డ చోటు అని ఉంటే ఎవరినైనా అడగవచ్చు. ఏదైనా ఒకటే అయినప్పుడు అడగడానికి ఏముంది? మూల నుంచి కొన్ని అడుగులు నడిచాడు. ఆగాడు. ఆగిన చోటే గడ్డపార దించాడు.

ఎనిమిదంగుళాలు సులభంగా దిగింది, వాన తడి ఇంకా ఉంది. తర్వాత దెబ్బ శబ్దం మారింది. మట్టిలో గోధుమ రంగు గులకలు, వాటి మధ్య తెల్లటి సుద్ద, ఎవరో కూరి కూరి గట్టిగా అదిమినట్టు. గడ్డపార దెబ్బకు అంగుళం, అంగుళమున్నర. పెళ్ళలుగా లేస్తోంది. నీళ్ళ కుండ మీద ఉన్న టెంకాయ చిప్పతో లేచిన మట్టిని ఎత్తిపోశాడు. అడుగున్నర దగ్గర ఇంకా గట్టిపడింది. బండ అనుకున్నాడు. చేతులు పెట్టి తడిమాడు. బండ కాదు, గరుసే. మళ్ళీ కొట్టాడు. అరచేతిలో బొబ్బ లేచి పగిలింది. ఆంజినమ్మ ఒకసారి నీళ్ళిచ్చింది.

చివరికి గడ్డపారను గుంతలో నిలబెట్టి, మట్టి అంచు దగ్గర బొటనవేలితో గుర్తు పెట్టి బయటికి తీసి, జానతో కొలిచాడు. రెండడుగులు.

మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చూశాడు. అడుగు నుంచి పిడికెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు. పొడిగా ఉంది.

"నీళ్ళు పడ్నాయా?" అంది ఆంజినమ్మ.

అతను ఉలిక్కిపడ్డాడు. చేతిలోని మట్టిని చూసుకున్నాడు. ఆమె పెదవి కొసన ఏదో కదులుతోంది.

"పడలేదు," అన్నాడు.

"పోనీలే."

ముందు ఆమె నవ్వింది. తర్వాత అతనూ నవ్వాడు. ఆ నేలలో అతని కళ్ళ ముందు ఏడు గుంతలు ఎండిపోయాయి. ఎనిమిదోది కూడా ఎండుగానే ఉంది, కానీ దీన్ని ఎవరూ నీళ్ళడగలేదు. ఒక రాయిని నిటారుగా పట్టుకుంటే చాలు.

ఫోన్ తీసి టైము చూశాడు. ఐదూ నలభై.

ఇదొక్క గుంతే కదా, అంది మనసు. ఇంకా నూట అరవై తొమ్మిది చోట్లున్నాయి. అవతలి మూల బండ ఉంటే? ఆ పల్లపు వైపు మెత్తగా ఉంటే కుళ్ళాయప్ప చెప్పిందే నిజం కదా? కుళ్ళాయప్ప పొలం ఎలాంటిదో అతన్ని అడగలేదు. అడిగితే మంచిది కదా. ఇంకో రెండు గుంతలు తవ్వి చూస్తే? ఆరింటి లోపల ఒక్కటి కూడా కాదు. అయితే ఎవరినైనా... ఆ ఆలోచన ఎక్కడికి వెళ్తోందో అతనికి తెలిసింది. బాగా నలిగిన దారి అది. దాని చివర నీడ ఉంటుంది.

నూట డెబ్బై తవ్వినా మనసు నూట డెబ్బై ఒకటోదాన్ని అడుగుతుంది.

ఆంజినమ్మ వైపు తిరిగాడు. నువ్వేమంటావు అన్న మాట నాలుక మీదికి వచ్చింది. ఆమె అతన్ని చూడటం లేదు. గుంత చుట్టూ పడిన గరుసు పెళ్ళలను కాలితో ఒక పక్కకు నెడుతోంది. ఆ మాటను మింగి, పగిలిన బొబ్బ మంట పుట్టిస్తుండగా బొటనవేలితో నంబరు నొక్కాడు.

"చెప్పన్నా," అన్నాడు విజయభాస్కర్.

"తొమ్మిదంగుళాలది. రాతి పండ్లది. పక్కన పెట్టు."

"గరుసా?"

"గరుసే. తవ్వి చూసినా."

"సరే అన్నా. పేరు ఎవరిది రాసుకోవల్ల? నీదా, కుళ్ళాయప్పన్నదా?"

ఆంజినమ్మ కాలు ఆగింది.

"నాదే," అన్నాడు రామాంజులు.