సిరి చిగుళ్లు

మా ఆయన మార్టిన్‌కి క్యారేజీ సర్దుతుంటే సిరి స్కూల్ చీటీ తెచ్చి నా చేతికిచ్చింది. పిల్లల పళ్లు చూడ్డానికి ఆరోగ్య శాఖ డాక్టర్లు వస్తున్నారట, తల్లి వెంట రావాలట. తండ్రి అని ఒక్కసారైనా ఎందుకు రాయరో. "పళ్లు పుచ్చిపోనాయంటే నువ్వెట్టిన చాక్లెట్లే మరి. ఏటి చెప్పుకుంటావో చెప్పుకో," అని ఆయన స్టీల్ ప్లాంటుకి వెళ్లిపోయారు. నేను వంట చేసే మూడిళ్లలో ఒక ఇల్లు మానుకుని బడికి వెళ్లాను.

వరండాలో సిరిని కుర్చీలో కూర్చోబెట్టి, డాక్టర్ ఛాయ మేడం టార్చి వేసి చూశారు. చూస్తూ చూస్తూ ఆగిపోయారు. కింది పెదవి లాగి నాకూ చూపించారు. చిగుళ్లు నల్లగా ఉన్నాయి, పెదవి లోపల ఒక తెల్ల మచ్చ. ఇంట్లో గుడాకు ఎవరు వాడతారని హిందీలో అడిగారు. గుడాకంటే మేం బతకడానికొచ్చిన ఈ హిందీ ఊళ్లో ఆడవాళ్లు వేలితో పళ్లకి రుద్దుకునే పొగాకు ముద్ద, పవర్ హౌస్ బజారులో ఏ పాన్ కొట్టులోనైనా దొరుకుతుంది. మా అత్తగారని టక్కున చెప్పేశాను. అబద్ధం కాదు, కానీ సగమే నిజం. సిరి పుట్టిన కొత్తలో నాకు దవడ పన్ను నొప్పెడితే, ఆస్పత్రి ఎందుకని ఆవిడే నా వేలికి అది రాశారు. తర్వాత నొప్పి లేకపోయినా, ఆయన అరిచినప్పుడల్లా దొడ్లోకి వెళ్లి డబ్బా మూత తీసేదాన్ని. తల తిరిగేది, ఏడుపు లోపలికి దిగిపోయేది. ఎవరికీ తెలియదనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని.

"నానమ్మది కాదు, అమ్మ డబ్బా," అంది సిరి. "డాడీ అరిస్తే అమ్మ పెట్టుకుంటాది. పెట్టుకుంటే రోనా రాదు. నేను కూడా అప్పుడే పెట్టుకుంటాను."

ఏడుపుని కూడా హిందీలోనే అంటుంది నా కూతురు. తొమ్మిదేళ్ల పిల్ల. మా సిరి బంగారం, ఎంత తిట్టినా ఏడవదని చుట్టాలందరి దగ్గరా మురిసిపోయానే! మేడం గురువారం పెద్దాసుపత్రికి తీసుకురమ్మని కాగితం రాసిచ్చారు. ఇంకా ఏమేమో చెప్పారు. నాకు సగం వినపడలేదు. ఇంటికి రాగానే డబ్బా చెత్తలో పారేశాను.

సాయంత్రం సంగతి చెప్పగానే ఆయన, తల్లివేనా నువ్వు అని అరిచారు. అత్తగారు టీవీ వైపు తిరిగి కూర్చున్నారు. సిరి దొడ్లోకి నడిచింది. వెనకే వెళ్లి చూస్తే, డబ్బా లేకపోయినా ఉత్త వేలితోనే చిగుళ్లు రుద్దుకుంటోంది. ఆ చెయ్యి పట్టుకుని ఏడవమన్నాను. దానికి రాలేదు. అందుకని నేనే మొదలుపెట్టాను, పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూసేంత గట్టిగా. కాసేపటికి అదీ అందుకుంది.

మార్టిన్ కంగారుగా గుమ్మంలోకి వచ్చారు. "ఏటైంది? పన్ను నొప్పా?"

"కాదు. మీరు అరిచారు," అన్నాను.