ఒకే వరుసలో

రొయ్యలు ఒలుస్తున్న చెయ్యి కడుక్కోకుండానే మోచేత్తో ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. నేను ఉద్యోగం అడిగిన ఏలూరు ఆఫీసు నుంచి సిల్వియా.

"హెప్సిబా గారూ, మీరు చేసిన సైట్ ఫోన్‌లో అంతా పక్కకి జరిగిపోయిందండీ. ఆర్డర్ బటన్ లేదు. అసలు మీ పేరే ఎక్కడా లేదు. పదకొండింటికి సార్‌కి ఫోన్‌లోనే చూపించాలి. సరిచెయ్యగలరా?"

పది దాటింది. నలభై ఆరేళ్ళ మనిషికి ఏం పని వచ్చునని ఇప్పటికి మూడు ఆఫీసులు పొమ్మన్నాయి. చూపించుకోడానికి నా దగ్గరున్నది ఇదొక్కటే, కైకలూరులో మా ఆయన చేపల మేత దుకాణానికి నేను కట్టిన సైట్. ఇదీ పోతే మళ్ళీ ఎవరినీ అడిగే ఓపిక నాకు లేదు. లాప్‌టాప్ తెరిచాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అడుగున 'రూపకల్పన: హెప్సిబా'. రోజూ చూసుకుని మురిసిపోయేదాన్ని. ఫోన్‌లో తెరిస్తే పైన దుకాణం పేరు 'ఎలీయాజరు ఆనంద్ పా' దగ్గర తెగిపోయింది, మిగతాదంతా ఆ పేరు వెంట తెర బయటికి పోయింది. పోయిన నెల మా ఆయన పేరు ముందు మావయ్యగారి పేరు కూడా చేర్చమన్నప్పుడే చెప్పాను, ఫోన్‌లో రెండు వరుసలు చెయ్యాలని. "తండ్రినీ కొడుకునీ విడదీస్తావా తల్లీ?" అన్నారు అత్తయ్య. నేను చెయ్యనంటే మా మరిది జీవన్ చేశాడు. కోడ్ తెరిచి చూశాను. పేరు రెండు వరుసలుగా విరగకూడదని ఒక లైను రాశాడు. దాని కిందే ఇంకో లైను. చిన్న తెర మీద నా పేరు కనబడకూడదని.

టిఫిన్ తింటున్న ఆయన్ని అడిగాను. తల ఎత్తలేదు.

"నేనే తీయించాను. రైతులంతా ఫోన్‌లోనే చూస్తారు, అందులో ఆడదాని పేరెందుకు? నీ లాప్‌టాప్‌లో ఉంది కదే. ఇంకేం కావాలి? ముందు ఆ రొయ్యలు తెమల్చు."

అంటే నెల రోజులుగా నా పేరు నేనొక్కదాన్నే చదువుకుంటున్నాను.

ఏడవడానికి టైము లేదు. నీచు వాసన వేళ్ళతోనే ఆ రెండు లైన్లూ చెరిపేశాను. ఫోన్‌లో ఎలీయాజరు పైన, ఆనంద్ పాల్ కింద. ఆర్డర్ బటన్ తెర మీదికొచ్చింది. అడుగున నేను. జీవన్‌కి తెలిసిన పాస్‌వర్డ్ మార్చి, సిల్వియాకి మెసేజ్ పెట్టాను. పదకొండుకి ఆరు నిమిషాలుంది.

ముందు గదిలోంచి ఆయన కేక. "ఏంటే ఇది? ఫోన్‌లో నాన్న పేరూ నా పేరూ విడగొట్టేశావ్!"

"లాప్‌టాప్‌లో ఒకే వరుసలో ఉంది కదండీ," అన్నాను. "ఇంకేం కావాలి?"