నాన్న చెయ్యెరిగిన పెట్టె

ఆమెను ఇంట్లోవాళ్ళు, బయటివాళ్ళు అందరూ బెంగమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు కాగితాల మీద తప్ప ఎక్కడా పలకదు. ఆ ముద్దుపేరు పెట్టింది వాళ్ళ నాన్నే. మబ్బు పడితే పిడుగనీ, దగ్గు వస్తే క్షయ అనీ, కుక్క మొరిగితే దొంగలనీ హడలిపోయే పిల్లని చూసి, ఇది నాకు పుట్టలేదు, బెంగకి పుట్టింది అని నవ్వేవాడాయన. ఇప్పుడామె తలే నెరిసింది, ఉద్యోగం చేసుకునే కూతురుంది. బెంగ మాత్రం ఆమెతోపాటే పెరిగి, ఆమెకంటే జానెడు ఎత్తు ఎదిగింది.

అలాంటిది ఒక ఉదయం నాన్న గదిలోంచి టప్పుమని చప్పుడూ, దాని వెనకే కాలిన వాసనా వస్తే ఊరుకుంటుందా. గరిటె గిన్నెలోనే వదిలేసి పరిగెత్తింది. ఆ గదికి చేరేలోపే నాన్నకి షాకు కొట్టడం, ఆసుపత్రి, ఎవరెవరికి కబురు పెట్టాలో అన్నీ మనసులో అయిపోయాయి. తీరా చూస్తే ఆయన కుర్చీలో నిక్షేపంగా కూర్చుని, నల్లబడ్డ తెరని చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. మసక పట్టిందన్నాడు.

మసక కాదు, కంప్యూటరు చచ్చిపోయింది.

వేరే ఇంట్లో అయితే అది ఒక సామాను పాడవడమే. ఈ ఇంట్లో అలా కాదు. నాన్న ఒకప్పుడు ఇళ్ళకి ప్లాన్లు గీసిన మనిషి. బల్ల మీద కాగితం పరిచి, పెన్సిలు చెక్కుకుని, గోడలూ గుమ్మాలూ గీస్తూనే తల పండించుకున్నాడు. ఈమధ్య ఆయనకి మరుపు పట్టుకుంది. అన్నం తిన్నాడో లేదో గుర్తుండదు. ఉన్న వీధి గుర్తుండదు. మనవరాలు ఇంకా బడికే వెళ్తోందనుకుంటాడు. కానీ పొద్దున్నే తల దువ్వుకుని ఆ పాత కంప్యూటరు ముందు కూర్చున్నాడా, బొమ్మలు వేసే ప్రోగ్రాము తనే తెరుచుకుని, ఒక ఇల్లు మొదలుపెట్టేవాడు. వంటిల్లు, పడకగది, మెట్లు, కిటికీలు. మధ్యాహ్నం దాకా ఆ మనిషికి ఎవరి సాయమూ అక్కర్లేదు. ఆ కాసేపూ ఆయన ఆయనే.

డాక్టరు కూడా అదే చెప్పాడు. చేతికి వచ్చిన పని చెయ్యి మర్చిపోదమ్మా, తలకి మాత్రం కొత్తగా ఏదీ అంటదు, ఉన్న ఆ ఒక్క అలవాటూ చెదరకుండా కాపాడుకోండి అని. ఆ పని లేని పూట నాన్న చెప్పులేసుకుని ఆఫీసుకి బయల్దేరతాడు. ఒకసారి పక్కవీధి టైలరు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పగించాడు.

ఆ రోజూ అంతే. తెర వెలగక, చేతులేం చెయ్యాలో తోచక, మధ్యాహ్నానికి గేటు దగ్గరికి చేరాడు. బెంగమ్మ ముందే తాళం వేసింది. ఆయన ఊచలు పట్టుకుని నిలబడి, తాళం ఎవరు వేశారమ్మా అని అడిగాడు. ఆమె తాళంచెవి కొంగున ముడేసుకుంది.

కూతురు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి తల్లి పాత కంప్యూటరును పెట్టెతో, తెరతో, తీగలతో సహా దుప్పట్లో మూటకట్టి గుమ్మంలో పెట్టుకుని కూర్చుంది. ఇద్దరూ దాన్ని మోసుకుని షాపుకి వెళ్ళారు.

షాపు నిండా అట్టపెట్టెలు. షాపతను చెవి వెనక స్క్రూడ్రైవరు పెట్టుకున్న మనిషి. పాత పెట్టె విప్పాడు. లోపల దుమ్ము కంబళిలా పేరుకుని ఉంది. కరెంటు అందించే డబ్బా పేలిందనీ, పోతూ పోతూ మదర్‌బోర్డునీ వెంటబెట్టుకు పోయిందనీ, అంత పాత బోర్డు ఇప్పుడు ఎక్కడా దొరకదనీ చెప్పాడు. డిస్కు మాత్రం బతికే ఉంది, పెద్దాయన బొమ్మలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కిస్తానన్నాడు. బెంగమ్మ అప్పుడు గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

ఆ తర్వాత ఒక్కొక్కటీ ఎంచడం మొదలైంది. పెద్దాయన దీంతో ఏం చేస్తారని అడిగాడతను. గీతలు గీస్తారంది కూతురు. ఆటలూ గీటలూ లేకపోతే చిన్న ప్రాసెసరు చాలనీ, తెర కోసం విడిగా కార్డు అక్కర్లేదనీ, ర్యామ్ ఎనిమిది జీబీ వేస్తే ఇంకెప్పుడూ చూసుకోనక్కర్లేదనీ, గిరగిరా తిరిగే డిస్కు బదులు కదలని ఎస్సెస్డీ పెడితే చప్పుడే ఉండదనీ అతను చెప్పుకుపోతున్నాడు. కూతురు తలాడిస్తోంది. బెంగమ్మకి మాత్రం ఆపరేషను గది బయట డాక్టర్లు మాట్లాడుకుంటున్నట్టే ఉంది. తనకి తెలిసిన మూడే ప్రశ్నలు, ప్రతి వస్తువుకీ అడిగింది. పేలుతుందా, కాలుతుందా, షాకు కొడుతుందా.

"అమ్మా, నువ్వడిగేది వింటే మనం కంప్యూటరు కొంటున్నామో టపాకాయలు కొంటున్నామో ఆయనకి అర్థం కాదు" అంది కూతురు.

"నవ్వవే, నవ్వు. నీకేం, పొద్దున ఆ చప్పుడు విన్నది నేను."

షాపతను నవ్వు ఆపుకుంటూ కరెంటు డబ్బాలు రెండు చేతికిచ్చాడు. ఆమె గుమ్మడికాయలు చూసినట్టు రెండూ తూచి చూసి, బరువున్నదాన్ని ఇమ్మంది. మంచిదే ఎంచారమ్మా అన్నాడతను. ఆ మాటతో ఆమెకి కాస్త ధైర్యం వచ్చింది. అక్కడినుంచి తనే ముందుకొచ్చింది.

పాత పెట్టెకి మీట లోపలికి కుంగిపోయి ఉత్త కన్నం మిగిలింది. నాన్న పెన్సిలు వెనకభాగం అందులో దూర్చి నొక్కేవాడు. ఆయన నొక్కిన ప్రతిసారీ ఈమె ప్రాణం పైకీ కిందికీ అయ్యేది. అందుకని వేలితో తాకితే చాలు నీలంగా వెలిగే పెద్ద మీట ఉన్న పెట్టె తీసుకుంది. పాత తెర చదరంగా, చిన్నగా ఉండేది. కళ్ళు పాడవుతాయని, తలుపంత వెడల్పున్నది తీసుకుంది. ఇక మౌసు. తీగ ఉన్నది వద్దే వద్దంది. తీగ కాలికి తగులుతుంది, తగిలితే పడతాడు, పడితే తుంటి విరుగుతుంది, ఈ వయసులో తుంటి విరిగితే మంచం, మంచమెక్కితే ఇంక... కూతురు చాల్లే తల్లీ అని ఆపింది. తీగ లేనిది, వేళ్ళు నొప్పెట్టకుండా నున్నగా, గుండ్రంగా, అరచేతిలో గుడ్డులా ఒదిగేది ఎంచింది.

పాత మౌసూ, కీబోర్డూ, తెరా పనిచేస్తూనే ఉన్నాయి, ఇంటికి తీసుకెళ్తారా అని షాపతను అడిగాడు.

కూతురు పాత మౌసు చేతిలోకి తీసుకుంది. "ఉంచుకుందామా అమ్మా? తాతయ్యకి అలవాటు కదా."

"పేలినదాంతో కలిసున్నవే అవి. వాటిల్లోకి ఏం పాకిందో ఎవరికి తెలుసు."

"కరెంటు అంటురోగం కాదమ్మా."

"నా ఇంట్లో వద్దు" అంది బెంగమ్మ. షాపతను వాటిని మూలనున్న పాతసామాను గుట్ట మీద పడేశాడు.

ఇంటికొస్తుంటే ఆమెకి ఎన్నడూ లేనంత నిశ్చింతగా ఉంది. పేలేదాన్ని ఆపింది, కొట్టేదాన్ని ఆపింది, పడేసేదాన్ని ఆపింది. ఆపద చీమంతై వచ్చినా దూరడానికి సందు లేదనుకుంది.

మర్నాడు షాపతనే వచ్చి అంతా బిగించి, ఒకసారి వెలిగించి చూపించి, ఆర్పి వెళ్ళిపోయాడు. నాన్న తల దువ్వుకుని, పెన్సిలూ చెక్క స్కేలూ పట్టుకుని గదిలోకి వచ్చాడు. పెట్టె ముందు వంగి, పెన్సిలుతో కన్నం కోసం వెతికాడు. ఈ పక్క చూశాడు, ఆ పక్క చూశాడు, వెనక్కి కూడా వెళ్ళి చూశాడు. పెద్ద మీట ఆయన ముక్కు ముందే ఉంది. ఆయనకి కావలసింది మీట కాదు, కన్నం. చివరికి మనవరాలే నొక్కింది. నీలంగా వెలుగొచ్చింది. నాన్న ఒకడుగు వెనక్కి వేశాడు.

మనవరాలు ఆయన్ని కూర్చోబెట్టి, ప్రోగ్రాము తెరిచి, ఆయన కిందటివారం గీసిన ఇల్లే తెర మీద పెట్టింది. అంత వెడల్పు తెర మీద ఆ ఇల్లు ఒక మూలకి అగ్గిపెట్టెంత అయిపోయింది. ఆయన దాన్నే చూస్తూ, ఎవరో బాగానే గీశారన్నాడు.

అప్పుడు అలవాటు కొద్దీ చెక్క స్కేలు బల్ల మీద అడ్డంగా పెట్టి, ఎడమచేత్తో అదిమి, మౌసుని దాని అంచుకి ఆనించాడు.

బెంగమ్మ చూపు అక్కడ ఆగింది. రోజూ చూసేదే. కంప్యూటరుకి స్కేలెందుకు నాన్నా, అంతా చాదస్తం అని ఎన్నోసార్లు అంది కూడా. పాత మౌసు పక్కలు పలకల్లా తిన్నగా ఉండేవి. దాన్ని స్కేలు వెంబడి పెన్సిలు నడిపినట్టు నడిపేవాడు, తెర మీద గీత తిన్నగా వచ్చేది. అది చాదస్తం కాదు, అదే ఆయన పని. ఇప్పుడీ గుండ్రటిది స్కేలుకి ఆనదు. జారిపోయింది. తెర మీద గీత వానపాములా మెలికలు తిరిగింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది.

కీబోర్డులో షిఫ్టు మీట నొక్కి పట్టుకుంటే గీత దానంతటదే తిన్నగా వస్తుంది తాతయ్యా అని మనవరాలు చేసి చూపించింది. ఆయన పెద్దమనిషి తరహాలో శ్రద్ధగా విన్నాడు, బాగుందన్నాడు. మౌసు చేతికివ్వగానే మళ్ళీ స్కేలు అంచు వెతుక్కున్నాడు.

కాసేపటికి స్కేలు తీసి పక్కన పెట్టి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇదెవరిదోనమ్మా. వాళ్ళొచ్చాక అడిగి ముట్టుకుందాం."

"నీదే నాన్నా. నీకోసమే తెచ్చాం."

"కాదులే. పాడైందంటే మాట పడాలి."

"పాడవదు నాన్నా. గట్టివి చూసి తెచ్చాను."

ఆయన బెంగమ్మ మొహంలోకి చూశాడు. "ఏమో. ఏమన్నా అయితే?"

ఆ ఇంట్లో ఆ మాట ఒక్క బెంగమ్మదే. నాన్న నోట ఆమె ఎన్నడూ వినలేదు. పిడుగులు పడుతుంటే వాకిట్లో నిలబడి ఆమెని ఆటపట్టించిన మనిషి, ఇప్పుడు ఒక ప్లాస్టిక్ గుడ్డుని తాకడానికి వేళ్ళు ముడుచుకుంటున్నాడు.

మనవరాలు షాపుకి ఫోను చేసింది. పొద్దున్నే పాతసామాను బండి వచ్చి గుట్టంతా ఎత్తుకుపోయిందట. ఎక్కడికని అడిగితే, అవన్నీ విరగ్గొట్టడానికే కదమ్మా అన్నాడతను. పిల్ల ఊరంతా తిరిగి, పలకల్లాంటి పక్కలున్న మౌసు ఒకటి, చదరపు తెర ఒకటి ఎవరి దగ్గరో వాడినవి పట్టుకొచ్చింది. తెచ్చి అమర్చింది. నాన్న వాటిని మెచ్చుకున్నాడు. చేతులు మాత్రం ఒళ్ళోంచి తియ్యలేదు. వద్దులే, వాళ్ళు చూస్తే బాగుండదన్నాడు. అప్పటికే ఆయన చేతికి బెరుకు అంటుకుంది. కొత్తగా ఏదీ అంటదన్నాడు కదా డాక్టరు, మరి ఇది ఎలా అంటిందో.

"నేనన్నా గట్టిగా చెప్పాల్సింది" అంది కూతురు డ్యూటీకి వెళ్తూ, గుమ్మంలో. బెంగమ్మ, నువ్వు చెప్పావే తల్లీ, విననిది నేను అంది.

తలుపు మూసి వెనక్కి తిరిగేసరికి నాన్న చెప్పుల కోసం వంగుతున్నాడు. ఆమెకి గేటు, తాళం, ఊచలు పట్టుకున్న ఆ చేతులు కళ్ళ ముందు కదిలాయి. ఏం చెయ్యాలో తోచలేదు. తోచకే, ఆయన్ని చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళి, పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, కూతురు ప్రోగ్రాము తెరిచి ఉంచి వెళ్ళిన కంప్యూటరు ముందు తను కూర్చుంది. జన్మలో దాన్ని ముట్టుకున్న మనిషి కాదు. మౌసు మీద చెయ్యి వేస్తే చెమటకి జారింది. కళ్ళు మూసుకున్నంత పని చేసి లాగింది. గీత పడింది.

"వంకర" అన్నాడు నాన్న.

ఆమె ఇంకోటి గీసింది. అదీ వంకరే. కానీ ఆయన కూర్చుని ఉన్నాడు. చెప్పుల సంగతి మర్చిపోయి తెరకేసి చూస్తున్నాడు. పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వస్తోంది, ఆమె లేవలేదు. లేస్తే ఆయనా లేస్తాడు. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, ఎలాగో నాలుగు గీతలు కలిశాయి. గది అనుకుంటే గది.

"గోడలయ్యాయి. తలుపెక్కడ పెడతావు?" అన్నాడు.

ఆమెకేం తెలుసు. "నువ్వే చెప్పు నాన్నా."

ఆయన ముందుకి వంగాడు. నుదురు ముడిపడింది. కుడిచేతి వేలు ఒళ్ళోంచి లేచి తెర దాకా వెళ్ళింది, అక్కడ ఆగింది, ఒక గోడ వైపు కదిలింది, ఇంకో గోడ వైపు తిరిగింది. ఆమె, వేలు ఎక్కడ ఆనితే అక్కడే గీయడానికి కాచుకుని ఉంది. వేలు మెల్లిగా ముడుచుకుని కిందికి దిగింది.

"నాకూ తెలియడం లేదమ్మా" అన్నాడు. ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా, ఆమెకి ఒక్కదానికే వినపడేంత చిన్నగా అన్నాడు.