ఇద్దరికి రెండు పడవలు

అంబులెన్సు నడిపే మనిషికి ఆ రోజుల్లో సెలవు దొరకడమే గగనం. దొరికిన ఒక్క రోజునూ సముద్రం మీద గడుపుదామని ఆమె పట్టుబట్టింది. అత్త వద్దంది. పక్కింటావిడ కిటికీలోంచే వద్దంది. ఆమె ఎవరి మాటా చెవిన వేసుకోలేదు. కరోనా పరీక్షలో రోగం లేదని తేలింది. మర్నాడు తెల్లారకుండానే మళ్ళీ బండెక్కాలి, ఎక్కితే ఇంకో సెలవు ఎప్పటికో ఎవరికీ తెలీదు. ఈలోపు మొగుడు ఒక్కసారి తన చెయ్యి పట్టుకోవాలి. ఆమెకు కావలసింది అంతే.

అదేం కోరికమ్మా అని నవ్వకండి. మహమ్మారి మొదలైన దగ్గర్నుంచీ ఆమె పడక వీధిగదిలో, అతని పడక లోపలిగదిలో. గుమ్మం దగ్గర స్టూలు మీద కంచం పెట్టి, తలుపు తట్టి, అతను వెనక్కి తగ్గేవాడు. ఆ ఏర్పాటు చేసింది ఆమే, కాదనడం లేదు. కానీ పరీక్షలో ఏమీ లేదని తేలాక కూడా, ఆ ఉదయం టీ కప్పు అందుకోబోతే చటుక్కున స్టూలు మీద పెట్టేసి దూరం జరిగాడు. ఆమెకు ఒళ్ళు మండింది.

"ఏం బావా, నేనేమన్నా పామునా?"

"అలవాటైపోయింది డ్రైవరమ్మా" అని మాట దాటేశాడు.

అతను దర్జీ. సహజంగానే జాగ్రత్త మనిషి, రోగం వచ్చాక ఆ జాగ్రత్త ముదిరింది. ఒంటి మీద కొలతలు తీయడం మానేసి, పాత చొక్కా పంపితే దాన్ని చూసి కొత్తది కుట్టేవాడు. అలాంటివాడికి ఫోన్ చేసి పడవ మాట్లాడే పని అప్పజెప్పడం తన బుద్ధితక్కువేనని రేవుకు వెళ్ళాక గానీ ఆమెకు తెలిసిరాలేదు.

"మీరిద్దరూ ఆలుమగలేగా?" పడవలు అద్దెకిచ్చే పెద్దాయన మాస్కు పైకి లాక్కుంటూ అడిగాడు. "ఇద్దరు కూర్చునే కయాక్ ఉందంటే వద్దన్నారేంటమ్మా మీవారు? విడివిడిగా రెండు కావాలన్నారు. ఆ ఇద్దరి పడవను ఇప్పుడే వేరేవాళ్ళు తీసుకెళ్ళారు."

బావ నీళ్ళు నమిలాడు. "దూరం పాటించాలి కదండీ..."

"పాటిద్దాం, పద" అని ఆమె ఒక పడవను నీళ్ళలోకి తోసింది. ఇంకెవరైనా అయితే మూతి ముడుచుకుని ఇంటిముఖం పట్టేవాళ్ళు. ఈమె పడవలవాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్ల. పెళ్ళయ్యాక ఇతనికి తెడ్డు పట్టడం నేర్పిందీ ఆమే. ముందు ఆమె, ఎంతో వెనకగా అతను, అలా ఒడ్డు వెంబడే సాగిపోయారు.

వాళ్ళు చేరిన తీరానికి రోడ్డు మూసేశారు కాబట్టి ఇప్పుడు నీళ్ళ మీదుగానే వెళ్ళాలి. ఇసుక మీద ఒక్క అడుగుజాడ లేదు. ఆమె మాస్కు తీసి గుండెల నిండా గాలి పీల్చుకుంది. వెనక్కి తిరిగేసరికి బావ రెండు చాపలు పరుస్తున్నాడు, మధ్య రెండు గజాలు, అంగుళం తేడా లేకుండా. రెండు సీసాలు, రెండు డబ్బాలు, ఒక్కో డబ్బాలో రొట్టె, ఉడికించిన గుడ్లు. ఆమె తన చాపను బరబరా లాగి అతని చాప పక్కన వేసింది. అతను లేచి గవ్వలు ఏరడం మొదలుపెట్టాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి ఒక్క గవ్వ ఏరిన పాపాన పోలేదు.

"నేనంటే భయమా నీకు?" సూటిగా అడిగేసింది.

"భయమే" అన్నాడు గవ్వల వంకే చూస్తూ. ఇంకో గవ్వ కోసం వంగాడు.

ఆమె కళ్ళు చెమర్చాయి. ఎవరెవరినో చేతులతో ఎత్తి బండెక్కించింది, అదుముకుని ఓదార్చింది. కట్టుకున్నవాడికి మాత్రం అంటరానిదైపోయింది. అయినా సరే, ఇది తేలకుండా ఇల్లు చేరేది లేదని గట్టిగా అనుకుంది.

తిరుగు ప్రయాణంలో గాలి మారింది. అలలు పక్కనుంచి కొట్టడం మొదలైంది. వెనక్కి చూస్తే బావ పడవ ఒక పక్కకి ఒరిగిపోతోంది. అతనికి కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఆమె ఒక్క క్షణం ఆగలేదు. పడవ తిప్పి, అలలకు ఎదురెళ్ళి, అతని పక్కకి చేర్చింది.

"తెడ్డు రెండు పడవల మీదా అడ్డంగా పెట్టు! నా చెయ్యి పట్టుకో! ఆనించి ఉంచితే పడవలు తిరగబడవు!"

అతను ఆ చేతిని చూశాడు. ఆ క్షణంలో కూడా తటపటాయించాడు.

"పట్టుకో బావా!"

పట్టుకున్నాడు. ఎముకలు నొప్పిపుట్టేలా పట్టుకున్నాడు. అలలు కిందనుంచి ఎత్తుతున్నాయి, దించుతున్నాయి, రెండు పడవలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. కాసేపటికి గాలి తగ్గింది.

"ఇక వదిలెయ్ బావా, ఫర్వాలేదు."

వదల్లేదు. భుజాలు అదురుతుంటే ఏడ్చేశాడు.

"రోగం అంటుకుంటుందని కాదే. ఒక్కసారి నిన్ను పట్టుకున్నానా, ఇక ఆ బండెక్కనివ్వలేను. నువ్వు స్టార్ట్ చేసిన ప్రతిసారీ తలుపు వెనక నుంచుని గడియ పట్టుకుంటున్నా, బయటికి పరిగెత్తుకొచ్చి నీకు అడ్డం పడతానేమోనని."

పొద్దుట్నుంచీ కూడబెట్టుకున్న కోపం ఆమెకు ఎక్కడా దొరకలేదు. బావ మీద జాలేసింది, ప్రేమ పొంగింది. అయినా గొంతు మెత్తబడనివ్వలేదు.

"నువ్వు అడ్డం పడినా నేను ఆగను. ఏడ్చినా వెళ్తాను. ఎల్లుండీ వెళ్తాను. అందుకని ఇప్పట్నుంచే నా చెయ్యి వదిలేస్తావా?"

అతను మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. రేవు ఇంకా దూరంగానే ఉంది.

"రేపు ఎన్నింటికి లేవాలి?"

"తెల్లారకముందే."

"నేనే లేపుతాను" అన్నాడు. "బండి దాకా నేనూ వస్తాను."